రైలు దిగినవాళ్ల కథలు

ఐదేళ్ల పాటు మా జిల్లా పేరులోనే 'రూరల్' అనే మాట ఉండేది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు మా నెక్కొండ వరంగల్ రూరల్‌లోకి వచ్చింది. 2021 ఆగస్టులో ఆ 'రూరల్' తీసేశారు. ఇప్పుడు మాది ఉట్టి వరంగల్ జిల్లా, పాత అర్బన్ హనుమకొండ జిల్లా. ఆ ఐదేళ్లలో తమాషా ఏంటంటే, రూరల్ జిల్లాకు కలెక్టర్ ఆఫీసు నగరంలోనే ఉండేది. సంతకం కావాలంటే రూరల్ వాళ్లు బస్సెక్కి అర్బన్‌కు పోవాలి. మా వైపు కథలకూ ఇదే ఏర్పాటు ఉందని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

2011 జనాభా లెక్కలు తీసి చూస్తే ఇంకో తమాషా కనిపిస్తుంది. రూరల్ జిల్లా కింద చేరిన ఊళ్లలో అప్పటికి ఉన్నది 7,18,537 మంది. విస్తీర్ణం 2,175 చదరపు కిలోమీటర్లు. అంటే చదరపు కిలోమీటరుకు 330 మంది. తెలంగాణ మొత్తానికి ఈ లెక్క 312, అదీ హైదరాబాదును కలుపుకుని. నూటికి తొంభైమూడు మంది పల్లెల్లోనే ఉండే జిల్లాలో రాష్ట్ర సగటు కంటే జనం కాస్త ఒత్తుగానే ఉన్నారన్నమాట. మరి మన కథల్లో ఈ పల్లెలు ఇంత ఖాళీగా ఎందుకుంటాయి? ఒక ముసలామె, ఒక అరుగు, తాళం వేసిన ఇల్లు, ఎండిన చెరువు, దూరంగా పోతున్న రైలు. ఊరంటే ఇంతే. మిగతా వాళ్లంతా ఎటు పోయినట్టు?

ఈ ప్రశ్న అడిగే హక్కు నాకు పెద్దగా లేదు. అట్లాంటి కథ ఒకటి నేనే రాశాను.

కొన్నేళ్ల కింద సంగతి. హైదరాబాదులో ఒక గదిలో కూర్చుని, మా పెద్దమ్మను మనసులో పెట్టుకుని రాసిన కథ అది. పట్టాల పక్కన ఇల్లు, పట్నం పోయిన కొడుకు, ప్రతి బండి చప్పుడుకూ తలెత్తి చూసే తల్లి. ఒక వెబ్ పత్రికలో వచ్చింది. కళ్లు చెమర్చాయని చాలామంది రాశారు. నాకూ బాగానే అనిపించింది. ఉగాదికి ముందు ఊరికి పోయినప్పుడు పెద్దమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఆమె వాకిట్లో మిర్చి కుప్ప ముందు కూర్చుని తాలు కాయ వేరు చేస్తోంది. చివరిదాకా విన్నది. చేతులు ఆపలేదు.

"మంచిగనే రాసినవ్ కొడుకా" అన్నది. "గని, ఆమె పొద్దుందాక గట్లనే కూసుంటదా? మరి కాయ ఎవలేరుతరు?"

నేను ఏదో చెప్పబోయాను. అది ప్రతీక, ఎదురుచూపు, అట్లాంటిదేదో. ఆమె ఇంకో ప్రశ్న వేసింది. "కొడుకు పోతే పోయిండు. ఊళ్లె ఆమెకు మాట్లాడెటోళ్లు ఒక్కలు సుత లేరా?"

నాకు తెలిసి నా కథ మీద వచ్చిన మొదటి విమర్శ అదే. రెండు ప్రశ్నలూ కథనానికి సంబంధించినవే. పని లేని పాత్ర, పలకరించే మనిషి లేని ఊరు. ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని మా చుట్టుపక్కల గురించి వచ్చిన సాహిత్యాన్ని మళ్లీ చదివాను. కొన్నిచోట్ల నా అభిప్రాయం మారింది, కొన్నిచోట్ల ఇంకా గట్టిపడింది.

మాకు అతి దగ్గర్లో పుట్టిన కథకుడితో మొదలుపెట్టాలి. పి.వి. నరసింహారావు పుట్టింది నర్సంపేట పక్కన లక్నేపల్లిలో. నెక్కొండ కూడా నర్సంపేట నియోజకవర్గమే. ఆయన 'గొల్ల రామవ్వ' కథ 1949లో వరంగల్ నుంచి వచ్చే కాకతీయ పత్రికలో 'విజయ' అనే కలం పేరుతో అచ్చయింది. శతజయంతి ఏడాదిలో ఈ కథను చాలాసార్లు తలుచుకున్నారు కానీ, ఎక్కువగా 'ప్రధానమంత్రి కథలు కూడా రాశాడు' అని చెప్పడానికే. కథను కథగా చదివినవాళ్లు తక్కువ. కథ చిన్నది. నిజాం కాలం. రాత్రిపూట ఒక ముసలి గొల్లామె గుడిసెలోకి పోలీసుల నుంచి తప్పించుకున్న ఒక యువకుడు వస్తాడు. గుడిసెలో ఆమె, ఆమె మనవరాలు. పోలీసులు వెతుక్కుంటూ వస్తారు. రామవ్వ అతడిని గొల్లవాడిగా మార్చి, తన మనవరాలి మొగుడని నమ్మించి కాపాడుతుంది.

దీన్ని దేశభక్తి కథ అనీ, పోరాట కథ అనీ అంటారు. నాకు మాత్రం ఇది లెక్క తెలిసిన ఆడమనిషి కథగా కనిపించింది. రామవ్వ చేతిలో ఉన్నవెన్ని? ఒక గుడిసె, ఒక గొంగడి, ఒక మనవరాలు, కొన్ని నిమిషాలు. ఏ అబద్ధం నిలబడుతుందో, ఏది నిలబడదో ఆమె అప్పటికప్పుడు తూచుకోవాలి. పోలీసు వాళ్లు గొల్లోళ్ల ఇంట్లో ఏం చూడాలనుకుంటారో ఆమెకు తెలుసు. వాళ్లకు అదే చూపిస్తుంది. అధికారంలో ఉన్నవాడి కళ్లలో తన బతుకు ఎట్లా కనబడుతుందో తెలిసినవాళ్లు మాత్రమే చెప్పగలిగిన అబద్ధం అది. మనం ఆమె త్యాగాన్ని పొగుడుతాం. నాకైతే ఆమె తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది. త్యాగం అనే మాట వాడగానే తెలివి మరుగున పడిపోతుంది. పల్లె ఆడవాళ్ల విషయంలో మన విమర్శ చేసే మొదటి పొరపాటు ఇదే.

అయితే నా ఫిర్యాదు కూడా ఈ కథతోనే మొదలవుతుంది. ఆ అబద్ధంలో అసలు అపాయం ఎవరికి? మనవరాలికి. పరాయి మగవాడికి పెళ్లాంగా కనబడాల్సింది ఆమె. తెల్లారితే ఊళ్లో బతకాల్సిందీ ఆమే. కథ ఆ రాత్రితో అయిపోతుంది. పొద్దున గొర్లను తోలుకుపోవాల్సిన వాళ్లను ఊరు ఏమడిగిందో, వీళ్లేం చెప్పారో మనకు తెలియదు. బయటి నుంచి ఒక మనిషి వచ్చాడు కాబట్టి కథ మొదలైంది. అతని అపాయం గట్టెక్కింది కాబట్టి ముగిసింది. రామవ్వకు అంతకు ముందు కథ లేదు, ఆ తర్వాతా లేదు. 1949లో, ఆ వేడిలో రాసిన చిన్న కథను ఇంతకన్నా ఎక్కువ అడగడం న్యాయం కాదు. నా బాధ ఆ కథతో కాదు. ఆ తర్వాత డెబ్భై ఏళ్లుగా అదే కొలత నడుస్తుండటంతో.

దాశరథి రంగాచార్య చిన్నగూడూరు మనిషి. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. 'చిల్లర దేవుళ్లు' చదవకుండా గడీ అంటే ఏమిటో ఈ తరానికి తెలిసే దారి లేదు. వెట్టి, ఆడబాపలు, దొర ముందు కరణం వేసే వేషాలు, ఇవన్నీ ఆ నవలలో కళ్లకు కడతాయి. కానీ ఒకసారి ఆ నవల తలుపు ఎవరు తీస్తారో చూడండి. ఆంధ్ర నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన సంగీతగాడు సారంగపాణి. కొత్త మనిషికి అన్నీ వింతే కాబట్టి అతని ద్వారా పాఠకుడికి అన్నీ చెప్పొచ్చు. నవలా శిల్పంగా అది తెలివైన పని, కాదనను. కానీ దాని వల్ల ఏమవుతుందంటే, ఊళ్లోవాళ్లకు మామూలుగా ఉన్నది ఏదీ నవలలోకి రాదు. అతిథికి ఆశ్చర్యం కలిగించిందే వస్తుంది. 'మా భూమి' సినిమా సంగతీ కొంత ఇట్లాంటిదే. 1979లో దాన్ని తీసిన గౌతమ్ ఘోష్ బెంగాలీ. మూలం కృష్ణచందర్ రాసిన 'జబ్ ఖేత్ జాగే'. బయటివాళ్లు తీశారని నేను తప్పు పట్టను. అది రాకపోతే మనకు ఆ మాత్రం బొమ్మ కూడా ఉండేది కాదు. మన కథల్లో పల్లెకు ఎప్పుడూ ఎవరో ఒకరు రావాలి అన్నదే నేను చెప్పేది. సంగీతగాడో, దళమో, పోలీసో, టీచరో, అమెరికా నుంచి కొడుకో.

దీనికి మా ఊరు ఇంకా అనువైనది. రైలు ఉంది కదా. నిజాం రైల్వే 1880ల చివర్లో వరంగల్ నుంచి డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా పట్టాలు వేసింది. అప్పటి నుంచి మా ఊరి మీద దిగేవాడికి, ఎక్కేవాడికి కొదవ లేదు. పుష్‌పుల్ బండిలో వరంగల్ పోయి చదువుకున్న తరాలు ఉన్నాయి. నేనూ ఆ బండి మనిషినే. మేం రాసిన కథలన్నీ మళ్లీ అదే స్టేషన్లో దిగుతూ మొదలవుతాయి. 'చాలా ఏళ్ల తర్వాత మా ఊళ్లో రైలు దిగాను' అన్న వాక్యాన్ని తెలుగు కథ మీద నిషేధిస్తే సగం పల్లె కథలు ఆగిపోతాయని ఒక మిత్రుడు నవ్వుతూ అన్నాడు. నేను నవ్వలేదు. నా కథలోనూ అట్లాంటి వాక్యం ఉంది.

పోరాట కథల తర్వాత వచ్చిన శోకగీతాల కాలం గురించి ఎక్కువ చెప్పను. అందరికీ తెలిసిందే. కులవృత్తులు పోయినయ్, చెరువులు పోయినయ్, పత్తి మందు తాగిన రైతు, ఖాళీ అయిన ఊరు. అందులో అబద్ధం లేదు. 2021-22లో తామర పురుగు మిర్చి చేలను ఎట్లా తిన్నదో మా పెద్దమ్మను అడిగితే చాలు. కానీ అప్పుడు కూడా ఆమె చేసింది ఏడవడం ఒక్కటే కాదు. ఎవరి దగ్గర అప్పు తేవాలి, ఎవరి దగ్గర తేవద్దు, మిగిలిన చేను దున్నెయ్యాలా, ఇంకో మందు కొట్టి చూడాలా, పక్క చేనాయన మాట నమ్మాలా, దుకాణపాయన మాట నమ్మాలా. రోజుకు పది నిర్ణయాలు. కథలో రైతు నష్టపోతాడు. నష్టపోయే లోపు ఇన్ని ఆలోచనలు చేస్తాడని కథకు తెలియదు.

మిర్చి మార్కెట్‌లో జెండా పాట అని ఒకటుంటుంది. ఎనుమాముల యార్డులో పొద్దున్నే ఒక మంచి లాటుకు వ్యాపారులు గరిష్ఠ ధర పాడతారు. పేపర్లో, టీవీలో వచ్చేది ఆ ధరే. తేజకు ఇంత, వండర్ హాట్‌కు ఇంత. బస్తాలు దించిన మిగతా రైతుల్లో ఎక్కువమందికి ఆ ధర రాదు. కాయలో తేమ ఉందనో, రంగు తక్కువనో కోత పెడతారు. మన కథా సంకలనాలకు, అవార్డులకు కూడా ఇట్లాంటి జెండా పాట ఉంది. పల్లె కథకు ఒక ధర కట్టి పెట్టారు: చావు ఉండాలి, లేదా తిరుగుబాటు ఉండాలి, లేకపోతే పాత రోజుల బెంగ ఉండాలి. ఆ రంగు లేని కథను పక్కకు జరుపుతారు. కొత్తగా రాసేవాళ్లు కూడా ధర చూసే పంట వేస్తారు. నేను వేసిందీ అదే పంట.

జెండా పాటకు లొంగని పుస్తకాలు లేవా అంటే ఉన్నాయి. పాకాల యశోదారెడ్డి 'మావూరి ముచ్చట్లు' 1973లో వచ్చింది. ఆమెది మహబూబ్‌నగర్ వైపు బిజినేపల్లి. మా వైపు కాదు. అయినా మా పెద్దమ్మ రెండో ప్రశ్నకు ఆ పుస్తకం జవాబు చెబుతుంది. అక్కడ మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. ఎవరూ రైలు దిగక్కర్లేదు. ముచ్చటే కథ. చెప్పే మనిషి భాష, చెప్పబడే మనుషుల భాష ఒకటే. ఇది చిన్న విషయం కాదు. మన పల్లె కథల్లో మనుషులు కొటేషన్ల లోపల తెలంగాణలో మాట్లాడతారు, కొటేషన్ల బయట రచయిత పుస్తకాల తెలుగులో ఆలోచిస్తాడు. అంటే మాట ఊరిది, ఆలోచన మాత్రం రచయితది. ఏటా సెప్టెంబర్ 9న కాళోజీ పేరు మీద భాషా దినోత్సవం జరుపుకుంటాం. కథ చెప్పే గొంతులోకి మాత్రం ఆ భాషను ఇంకా పూర్తిగా రానివ్వలేదు. ఈ వ్యాసం కూడా అట్లనే ఉంది కదా అని మీరు అడిగితే, ఉంది. పెద్దమ్మ మాటలకు కొటేషన్లు నేనే పెట్టాను.

ఇంకో గైర్హాజరు ఉంది. నెక్కొండ చుట్టూ తండాలు ఎన్ని ఉన్నాయో బస్సులో పోయినా తెలుస్తుంది. జనాభా లెక్కల్లో తండా ఎక్కువగా ఏదో ఒక రెవెన్యూ గ్రామం కింద శివారుగా కలిసిపోతుంది. దానికి వేరే వరుస ఉండదు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో పంచాయతీల సంఖ్య 12 వేలు దాటింది. అందులో కొత్తగా పంచాయతీలైన తండాలూ, గూడేలూ ఉన్నాయి. మన సాహిత్యంలో ఆ చట్టం ఇంకా అమల్లోకి రాలేదు. 'ఊరు' అని రాసినప్పుడు మనలో చాలామంది బుర్రలో ఉన్నది బురుజు, చావడి, వాడ. తండా కథ చివర్లో కట్టెలమోపుతోనో, పండుగనాడు రంగుల లంగాతోనో కనబడి పోతుంది. నా కథలో అది కూడా లేదు.

అందుకే రమేశ్ కార్తీక్ నాయక్ 'ఢావ్లో' చదివినప్పుడు నాకు కొంచెం సిగ్గేసింది. ఆ పుస్తకానికి 2024లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం వచ్చింది. ఆయనది నిజామాబాద్ వైపు తండా. ఢావ్లో అంటే బంజారాల శోకగీతం. పేరులోనే ఏడుపు ఉంది. మరి మా పెద్దమ్మ వద్దన్నది ఏడుపునే కదా అనిపించింది మొదట. చదివాక తేడా అర్థమైంది. అక్కడ ఏడవడం కూడా ఒక పని. దానికి బాణీ ఉంది, నేర్చుకోవాలి, పెద్దవాళ్ల దగ్గర వినాలి, ఎప్పుడు ఎత్తుకోవాలో తెలియాలి. నా కథలో తల్లి ఏడుపు పాఠకుడి కోసం. ఢావ్లోలో ఏడుపు పక్కన కూర్చున్న మనిషి కోసం. ఆ పుస్తకంలో నాకు నచ్చని చోట్లూ ఉన్నాయి. కొన్ని కథలు విషాదం వైపు తొందరగా మలుపు తిరుగుతాయి. అక్కడ జెండా పాట వినబడుతుందేమో అని అనుమానం. కానీ తండా మనుషులు ఎవరో వచ్చి చూసేదాకా ఆగి ఉండరు అందులో. అంతకు ముందే కదులుతూ ఉంటారు.

2024 సెప్టెంబర్ 1న మా ఊరి పేరు టీవీల్లో మోగిపోయింది. కుండపోత వాన. ఇంటికన్నెకూ కేసముద్రానికీ మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. నెక్కొండ మండలంలో ఒక ఆర్టీసీ బస్సు జనంతో సహా వరద మధ్యలో చిక్కుకుపోయింది. హైదరాబాదులో నా ఆఫీసు వాళ్లు కూడా 'మీ నెక్కొండంట కదా' అని అడిగారు. నేను చూసిన వీడియోలన్నీ దారిలో ఆగిపోయినవాళ్లు తీసినవి. కిటికీలోంచి నీళ్లు, కిటికీలోంచి కట్ట, కిటికీలోంచి ఊరు. ఈసారి దిగడానికి కూడా వీల్లేకపోయింది వాళ్లకు. వాళ్ల భయం నిజమే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ రెండు రోజులు ఆ వీడియోలు చూస్తూ, మన కథలు కూడా ఈ సీట్లోంచే తీశారని అనుకోకుండా ఉండలేకపోయాను.

ఆ రాత్రి పెద్దమ్మకు ఫోన్ చేస్తే కలవలేదు. మర్నాడు కలిసింది. భయపడ్డావా అని అడిగాను. చేన్లో నీళ్లు నిలిచినయ్, మొక్క మురుగుతదేమో అన్నది. ఎవరి ఇల్లు తడిసింది, ఎవరి బర్రెను ఎటు తోలిండ్రు, ఎవలింట్ల అందరికి కలిపి అన్నం వండిండ్రు, ఎవలు ఆ సందుల కూడా పాత పంచాయితీ తీసి కొట్లాడిండ్రు, వరుసగా చెప్పుకుంటూ పోయింది. మధ్యలో నవ్వింది కూడా. ఇరవై నిమిషాలు. అందులో నా కథలో ఉన్న ఖాళీ అరుగు ఎక్కడా లేదు.

అప్పటి నుంచి ఆ పాత కథను మళ్లీ రాయాలని చూస్తున్నాను. కుదరడం లేదు. తల్లిని అరుగు మీది నుంచి లేపి చేన్లోకి పంపితే ఎదురుచూపు పలచబడుతోంది. పక్కన నలుగురిని కూర్చోబెడితే వాళ్లు నా మాట వినకుండా వేరే ముచ్చట ఎత్తుకుంటున్నారు. చదివిన మిత్రుడు 'పాతదే బాగుంది, ఇందులో ఎమోషన్ లేదు' అన్నాడు. ఉందో లేదో నాకూ తేలడం లేదు.

పోయిన మిర్చి కాలంలో వారం రోజులు ఊళ్లో ఉన్నాను. రాత్రి అన్నాలయ్యాక పెద్దమ్మ స్కూలు నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. ఏరిన వాళ్ల లెక్క. పేర్లు లేవు, గుర్తులే: బావి కాడోళ్లు, తండా నుంచి వచ్చే అక్కజెల్లెండ్లు, కొత్త కోడలు. ఎదురుగా రోజుకు ఇన్ని కిలోలని గీతలు. ఆమె చెబుతుంటే నేను రాస్తున్నాను. మధ్యలో కొత్త కోడలు ఎందుకు రెండు రోజులు రాలేదో చెప్పడం మొదలుపెట్టింది. నా పెన్ను ఆగింది.

"అది తర్వాత చెప్త గని, లెక్క రాయి ముందుగాల. చింతచెట్టు కిందోళ్లది మొన్నటిది కలపలే."